ఎవరూ కోరని క్షమాపణలు

ఇరవై రెండు మంది ఉన్న సంఘాన్ని చెదరగొట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందో మీకు తెలుసా? నాకు తెలుసు. మూడు రోజులు. అందులో ఒక పూట రైలు కోసం ఎదురుచూడటానికే పోయింది, లేకపోతే రెండున్నర రోజుల్లోనే ముగించేదాన్ని. దానికి కర్ర అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు, ఎవరినీ ఒక్క తిట్టు తిట్టే పని కూడా లేదు. చేతులు జోడించి, కళ్ళలో నీళ్ళు పెట్టుకొని "నన్ను క్షమించు" అంటే చాలు. అంతా బూడిదైపోతుంది. ఎట్లా చేశానో చెప్తాను. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. నేను మాత్రం ఆ నెలంతా ఏడ్చాను.

నా పేరు ఓబులమ్మ. హిందూపురంలో చీరలకు ఫాల్ కుట్టి, కొంగులకు కుచ్చులు వేస్తాను. చదివింది మూడో తరగతి, అదీ సగం. కానీ జ్ఞాపకం మాత్రం దేవుడు నాకు అవసరానికి మించి ఇచ్చాడు. ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ చీర కట్టారో, ఎవర్ని చూసి ఎవరు మూతి తిప్పారో అడగండి, చెప్తాను. అడక్కపోయినా చెప్తాను. నా కొంప ముంచింది ఆ అలవాటే.

మాది లేపాక్షి పక్కన గొర్రెలు మేపే ఇల్లు. పెళ్ళయిన కొత్తలో నేనూ, మా ఆయన తిప్పన్నా ధర్మవరంలో ఉండేవాళ్ళం. అక్కడ మార్తమ్మక్క అనే ఆమె ఇంట్లో నాకు పని దొరికింది. ఆమె మగ్గం మీద పట్టుచీరలు నేసేది, నేను పక్కన కూర్చుని దారం కండెలకు చుట్టేదాన్ని. నేస్తూనే పాడేది, నేస్తూనే ప్రార్థన చేసేది, నేస్తూనే "తిన్నావా మే?" అని అడిగేది. ఏడేళ్ళు నన్ను ప్రార్థనకు రమ్మని పిలిచింది. ఏడేళ్ళూ "రేపు వస్తానక్కా" అన్నాను. ఎనిమిదో ఏడు, అప్పటికి మేము హిందూపురానికి మారిపోయాం, ఒక ఆదివారం నిజంగానే పోయాను. ఇంకొన్ని నెలలకు పెనుకొండ దగ్గర ఒక రైతు పంపుసెట్టు తొట్టిలో బాప్తిస్మం తీసుకున్నాను. తొట్టి చిన్నది, నేను పెద్దదాన్ని, మూడుసార్లు ముంచితే గానీ మోకాళ్ళు మునగలేదు.

ఇంటికి ఆ కబురు చేరింది. నాయన ఒకే మాట అన్నాడు, "మునిగినదానివి ఆడనే ఉండు." అన్నలు ఫోను చెయ్యడం మానేశారు. వదినలు నేను ప్రార్థనకు పోవడం మొదలుపెట్టినప్పట్నుంచే మా ఇంటికొస్తే మంచినీళ్ళు కూడా తాగేవాళ్ళు కారు, ఇప్పుడు రావడమే మానేశారు. తిప్పన్న అటూ కాదు, ఇటూ కాదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. "నాకు ఆదివారం సెలవు దొరికేదే కష్టం, దేవునికి యాడనుంచి తెచ్చిచ్చేది? నువ్వు పో" అనేవాడు. అందుకని సంఘంలో ఉన్న ఆ కొద్దిమందే నాకు పుట్టిల్లు, అన్నదమ్ములు, బంధుబలగం. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి. లేకపోతే ఇదంతా ఉత్త తమాషాలాగా ఉంటుంది.

సంఘంలో బతకడం నేర్చుకోవడమంటే మాటలు కాదు. ఎప్పుడు కళ్ళు మూసుకోవాలో, ఎప్పుడు తెరవాలో, ఎవరు ముందు "వందనాలు" అనాలో ఎవరూ చెప్పరు, చూసి నేర్చుకోవాల్సిందే. ఒకసారి పాస్టరయ్య "బయట ఎవరివో చెప్పులు మారిపోయినాయి" అంటే నేను గట్టిగా "ఆమెన్" అన్నాను. సాక్ష్యం అంటే దేవుడు మనకు చేసిన మేలు లేచి నిలబడి చెప్పడం. అందరూ ఐదు నిమిషాలు చెప్తారు. నా మొదటి సాక్ష్యంలో మా గొర్రెల పేర్లు అయ్యేసరికే అరగంటయింది.

మా వాళ్ళు హిందూపురంలో కొందరు, పెనుకొండలో కొందరు, ధర్మవరంలో కొందరు. మామూలు ఆదివారాలు ఎవరి ఊళ్ళో వాళ్ళు ఇళ్ళల్లో కూడుకుంటారు. నెలలో మొదటి ఆదివారం మాత్రం మూడు ఊళ్ళవాళ్ళూ నడుమ ఉన్న పెనుకొండలో, రేకుల షెడ్డులో కలుస్తారు. ఆరోజు బల్ల. అంటే ప్రభువు పేరుమీద ఒకే రొట్టె విరిచి, ద్రాక్షరసంతో అందరూ పంచుకోవడం. దాని తర్వాత ప్రేమ విందు, తలా ఒక వంటకం తెచ్చుకొని కలిసి తినడం. విందు నేను బాప్తిస్మానికి ముందునుంచీ తింటున్నాను. రొట్టె మాత్రం బాప్తిస్మం అయినవాళ్ళకే గనుక ఇంకా ముట్టలేదు. వచ్చే బల్లే నా మొదటి బల్ల.

దానికి ముందు ఆదివారం పాస్టరయ్య హిందూపురం వచ్చి చెప్పాడు. "ఎవరి మనసులో ఎవరిమీదైనా ఏమైనా ఉంటే ముందు పోయి సమాధానపడి రండి. అది పెట్టుకొని బల్ల దగ్గరికి రావద్దండి."

అందరూ తలలూపారు. ఈ మాట ఆయన ప్రతి నెలా చెప్తాడు, వీళ్ళు ప్రతి నెలా తలలూపుతారు. అంతవరకు బల్ల నాది కాదు గనుక నేనెప్పుడూ చెవిన పెట్టలేదు. కూడిక అయిపోగానే అందరూ చెప్పులేసుకొని క్షమాపణలకు పరుగెత్తుతారనుకున్నాను. ఒక్కరూ కదల్లేదు. టమాటా రేటు గురించి మాట్లాడుకుంటున్నారు. "ఎంత చల్లారిపోయిన విశ్వాసం!" అని మనసులోనే వాళ్ళను తీర్పు తీర్చి, ఆ తీర్పును కూడా క్షమాపణ పట్టికలో కలుపుకొని ఇంటికొచ్చాను.

ఒక్కో తప్పుకు ఒక్కో గుండుసూది చొప్పున సూదుల దిండుకు గుచ్చుతూ కూర్చున్నాను. సాయంత్రానికి దిండు ముళ్ళపందిలా తయారైంది. అందులో మరీ పెద్దవి మూడు ఏరుకున్నాను.

సోమవారం పొద్దున కరుణమ్మక్క ఇంటికి పోయాను. మా వీధి చివర ఇల్లు. ప్రేమ విందుకు ప్రతి నెలా ఒక పెద్ద డబరా నిండా పులియోగర, అదే పులిహోర, చేసి తెచ్చేది ఆమే. బస్సు టైముకని ఆమె ముందే పోయేది, వడ్డించే పని నాది.

"అక్కా, నన్ను క్షమించు."

"ఏమాయ మే పొద్దన్నే? రా, కాఫీ తాగు."

"కాఫీ తర్వాత. నెల నెలా నీ డబరా ఖాళీగా తెచ్చిస్తాంటి గదా."

"ఊఁ. అందురూ ఎగబడి తినిరని చెప్తాంటివి."

"అందురూ కాదక్కా. షెడ్డు ఎనక కట్టేసిండే బర్రె."

కాఫీ ఒంపుతున్న చెయ్యి ఆగింది. "బర్రె తినిందా?"

"మొదటి రెండు నెలలు తినింది. మూడో నెల నుంచి అది కూడా మొగం తిప్పుకుంటాంది. అప్పట్నుంచి పేడదిబ్బలో పోస్తాండా."

"ఎందుకు పోస్తివి? తినకపోతే తినలేదని తెచ్చియ్యకూడదా?"

"నీ మనసు నొస్తాదని అక్కా."

"ఇప్పుడు నొయ్యలేదా?"

కరుణమ్మక్క లోటాలో పోసిన కాఫీని మళ్ళీ గిన్నెలోకి ఒంపేసింది. పోసిన కాఫీని వెనక్కి ఒంపడం నేను నా జన్మలో అదే చూడటం. అప్పుడైనా బుద్ధి రావాలి కదా? "పాపం, మనసు కరగడానికి కొంత టైము పడుతుంది" అనుకుంటూ తేలికపడ్డ మనసుతో బయటికొచ్చాను.

మంగళవారం పెనుకొండ. సుందరన్నకు బస్టాండు పక్కన పంక్చరు షాపు. షెడ్డులో డోలకు వాయిస్తూ పాట ఎత్తుకునేది ఆయనే. మనిషి బంగారం. గొంతు మాత్రం, ఏం చెప్పను, తలుపు కింద తోక పడిన పిల్లిలా పైకి పోతుంది, పైకి పోయాక దిగే దారి తెలియక అక్కడే తిరుగుతుంది.

"వందనాలు చెల్లెలా! యాడికి పోతాండావు?"

"నీ దగ్గరికేనన్నా, క్షమాపణ అడిగేదానికి. నువ్వు పాట ఎత్తుకుంటానే మేము ఆడోళ్ళమంతా ముసుగు ముందుకు లాక్కుంటాం గదా?"

"అవును. దాన్ని చూస్తే నాకు కండ్లలో నీళ్ళొస్తాయి. ఎంత భక్తి మీకు!"

"భక్తి కాదన్నా. నవ్వు."

ఆయన చేతిలోని ట్యూబు నీళ్ళ బేసిన్లో మునిగి బుడబుడమంటోంది.

"ఆడోళ్ళమంతా అంటే... ఎవరెవరు?"

తెలివిగల మనిషి ఇక్కడ నోరు మూసుకుంటుంది. నేను నిజాయితీ గల మనిషిని. "కిటికీ పక్కనుంచి చెప్పేదా, తలుపు పక్కనుంచి చెప్పేదా?" అని అడిగాను. కూర్చునే వరసలో పదకొండు పేర్లు చెప్పాను.

"పాస్టరమ్మగారు కూడానా?"

"అమ్మగారు కొంచెం తక్కువేనన్నా. నువ్వు మరీ పైకి పోయినప్పుడే."

సుందరన్న ట్యూబును మెల్లగా బయటికి తీసి తుడిచాడు. "సరేమ్మా. క్షమించినా. పోయిరా" అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు. క్షమించాడు కదా అని నేను సంతోషపడ్డాను. ఇప్పుడు ఆ తల గుర్తొస్తే నాకు ముద్ద దిగదు.

బుధవారం ధర్మవరం. ఇది అన్నిటికంటే పెద్ద సూది.

నేను ఆమె దగ్గర కండెలు చుట్టే రోజుల్లో ఒకసారి నాకు విపరీతంగా జ్వరం వచ్చింది. మార్తమ్మక్క మగ్గం ఆపేసి వచ్చి, నా నొసటి మీద చెయ్యి పెట్టి, పచ్చినీళ్ళు కూడా ముట్టకుండా ఒక పూటంతా ప్రార్థన చేసింది. మర్నాడు నేను లేచి గంజి తాగాను. అప్పట్నుంచి మూడు ఊళ్ళల్లోనూ ఆమె చెప్పే సాక్ష్యం అదే. చెప్పినప్పుడల్లా నా జ్వరం ఒక డిగ్రీ పెరిగేది. చివరికి వచ్చేసరికి నేను దాదాపు చచ్చి లేచినదాన్ని. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం చూడాలి, అప్పుడే విచ్చిన పువ్వు. పిల్లాజెల్లా లేని మనిషి. ఆ ఇంట్లో మగ్గం ఉంది, ఆ సాక్ష్యం ఉంది.

"రా మే. చెప్పకుండా వచ్చినావే? బల్లకు తెల్లచీర ఉండాదా?"

"ఉండాదక్కా. ఒక మాట చెప్పి పోదామని వచ్చినా. ఆ జ్వరం దినం నువ్వు ప్రార్థన చేసి పోతానే, మా ఆయప్ప డాక్టరును పిలుచుకొచ్చినాడు. రెండు సూదులేసినాడు."

మగ్గం ఆడుతూనే ఉంది.

"ఇంకా, మా అమ్మ ఊర్నుంచి వచ్చి తలగడ కింద తాయెత్తు పెట్టింది."

మగ్గం ఆగింది.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అంత సంబరంగా చెప్తాంటే నాకు నోరు రాలేదక్కా."

"మరి ఇప్పుడెట్ల వచ్చె?"

"బల్ల గదక్కా. సమాధానపడి రమ్మన్న్యారు."

"నేను నీతో సమాధానంగానే ఉంటిని గదే." ఆమె గొంతు ఎంత మెల్లగా ఉందంటే, అరిచినా బాగుండేది. తెగిన పోగును వేళ్ళతో వెతుక్కుంటోంది, దొరకడం లేదు. "నేను ఎంతమందికి చెప్పినానో నీకు తెలుసు. నీ పక్కనే నిలబడి చెప్పినా. నువ్వు తలూపినావు."

"క్షమించక్కా."

"రైలు టైమాయ. పో."

ఆ ఇంట్లోంచి అన్నం తినకుండా బయటికి రావడం నాకు అదే మొదటిసారి. రైల్లో కూర్చున్నాక గాని నాకు అనుమానం రాలేదు. నేను దించుకున్న బరువంతా ఎక్కడికి పోయింది? గాల్లో కలిసిపోదు కదా. ఒక డబరా నిండా కరుణమ్మక్క ఇంట్లో, ఒక బేసిన్ నిండా సుందరన్న షాపులో, మిగిలిందంతా ఆ మగ్గం దగ్గర దించి వచ్చాను.

గురువారం మధ్యాహ్నం సంఘం వాట్సాప్ గ్రూపు టింగుమంది. కూడబలుక్కొని చదివాను. కరుణమ్మక్క గ్రూపు వదిలేసింది. మళ్ళీ టింగుమంది, సుందరన్న. ఇంకో టింగు, కిటికీ పక్కామె. మరో టింగు, ఆమె పక్కామె. నేను చెప్పిన వరసలోనే పోతున్నారు, నా జ్ఞాపకాన్ని సరిచూస్తున్నట్టు.

తిప్పన్న డ్యూటీకి పోతూ ఆగాడు. "ఏంమే, నువ్వు క్షమాపణలు అడిగొచ్చినావా, కొట్లాటలు పెట్టొచ్చినావా?"

"నేను నిజం చెప్పినానయ్యా."

"వాళ్ళేమన్నా అడిగిరా?"

"అడగలేదు."

"అడగందే చెప్పేదానికి నువ్వేమన్నా రేడియోవా?"

ఆదివారం వచ్చింది. తెల్లచీర కట్టుకొని పెనుకొండ పోయాను. ఎప్పుడూ చాపలు చాలని షెడ్డులో ఆ రోజు చాపలు మిగిలిపోయాయి. పాస్టరయ్య కుటుంబం, నేను కాక తొమ్మిది మంది వచ్చారు. వచ్చినవాళ్ళు ఒకరికొకరు దూరంగా, బస్సులో తెలియనివాళ్ళ పక్కన కూర్చున్నట్టు కూర్చున్నారు. ఆడవాళ్ళందరూ ముసుగులు వెనక్కి తోసి, "చూడండి, నేను నవ్వడం లేదు" అన్నట్టు ముఖాలు బయటపెట్టుకున్నారు. సుందరన్న డోలకు సంచిలోంచి తియ్యనే లేదు. పాట లేదు. కరుణమ్మక్క ఒట్టి చేతులతో వచ్చింది. మార్తమ్మక్క అసలు రాలేదు. ఆమె ఎప్పుడూ కూర్చునే గోడవార చోటు వైపు చూడకుండా ఉండటానికి నేను చాప గీతలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

బల్ల మీద తెల్లగుడ్డ కింద రొట్టె ఉంది. పాస్టరయ్య గుడ్డ తీసి అడిగాడు. "అందరూ సమాధానంగా ఉండారా?"

కరుణమ్మక్క లేచింది. "పోయిన ఆదివారం దాకా ఉంటిమయ్యా."

తొమ్మిది తలలు నా వైపు తిరిగాయి. లేచి నిలబడి, ఏడుస్తూ, జరిగిందంతా చెప్పాను. పాస్టరయ్య నన్ను కూర్చోమన్నాడు.

"అమ్మా ఓబులమ్మా, ఎదుటివాళ్ళకు గాయం చేసుంటే పోయి మాన్పమంటిని. గాయం లేనోళ్ళకు గాయం చేసి, దానికి మందు అడిగొచ్చినావు గదమ్మా."

అని, తీసిన గుడ్డను మళ్ళీ రొట్టె మీద కప్పేశాడు. ఆ నెల బల్ల జరగలేదు. నా మొదటి రొట్టె నాకు నాలుగు అడుగుల దూరంలో, గుడ్డ కింద గుండ్రంగా, అట్లాగే ఉండిపోయింది.

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో నాకు బాగా గుర్తుంది, అదే నా ఖర్మ. మా వీధిలో కరుణమ్మక్క ఎదురొస్తే అటు తిరిగి పోయేది. పుట్టింటికి పోదామంటే అక్కడ తలుపు ముందే వేసేశారు. సంఘమనే ఇంకో ఇంటి తలుపు నా ముఖం మీద నేనే వేయించుకున్నాను. ప్రార్థన చేద్దామని కూర్చుంటే నోట మాట వచ్చేది కాదు. తిప్పన్న మాత్రం ఒకరోజు, దేవుడంటే నమ్మకం లేని మనిషి, "నువ్వు పోయి ఆ మార్తమ్మను చూసి రా. ఈ ఇంట్లో నీ ఏడుపు నేను చూడలేను" అని నన్ను స్టేషను దాకా తీసుకుపోయి రైలెక్కించాడు.

మార్తమ్మక్క మగ్గం దగ్గరే ఉంది. నేను గడప దాటలేదు.

"మళ్ళా ఏం తెచ్చినావు?" అంది తలెత్తకుండా.

"క్షమాపణ అడిగినందుకు క్షమాపణ అడిగేదానికి వచ్చినానక్కా."

నాలుగు పోగులు నేసింది. తర్వాత అడిగింది. "ఇంకా ఏమన్నా ఉండాదా నీ దగ్గర? ఉంటే ఇప్పుడే చెప్పు. నెలకొకటి మోసుకొని రావాకు."

చదువుతున్న మీకు నిజం చెప్పాలంటే, ఉన్నాయి. ఇంటి దగ్గర సూదుల దిండులో ఒక్క మార్తమ్మక్క పేరుమీదే ఇంకా ఏడు సూదులున్నాయి. అవేంటో ఇక్కడ కూడా రాయను, ఈ కాగితం ధర్మవరం దాకా పోదని నమ్మకమేంటి? ఏడూ నాలుక చివరికొచ్చి, ఊరేగింపులో లాగా ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నేను పళ్ళు బిగించాను.

"లేదక్కా."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదు."

ఆమె అప్పుడు తలెత్తింది. నా ముఖంలోకి చూసింది. నా ముఖం ఏదీ దాచలేదు, ఏడు సూదులూ ఆమెకు కనబడే ఉంటాయి.

"ఇప్పటికి నేర్చుకున్నావు మే, మనుషుల మధ్య బతికేది" అంది. "రా, అన్నం తిను."

బాప్తిస్మం తర్వాత నేను తెలిసి ఆడిన మొదటి అబద్ధం అది. దానికి దొరికిన అన్నం తింటూ వెక్కి వెక్కి ఏడ్చాను. తర్వాతి నెల బల్లకు మార్తమ్మక్క వచ్చింది, నా పక్కనే కూర్చుంది. రొట్టె నా చేతికొచ్చింది. అంతకుముందు పాస్టరయ్య "ఎవరి మనసులో ఏమన్నా ఉంటే" అని మొదలుపెట్టగానే మార్తమ్మక్క తన కొంగును నా కొంగుకు ముడేసింది, నేను లేవకుండా.

అంతా బాగుపడిందని మాత్రం అనుకోవద్దు. కరుణమ్మక్క ఇప్పుడు విందుకు అరటిపళ్ళు తెస్తుంది, తొక్కలు కూడా తనే లెక్కపెట్టుకొని పోతుంది. సుందరన్న డోలకు వాయిస్తాడు గానీ పాట ఎత్తుకోడు. ఎవరు ఎత్తుకున్నా అంత పైకి పోలేరు, షెడ్డు రేకులు కూడా బోసిగా ఉంటాయి. నేనొక్కదాన్నే ముసుగు ముందుకు లాక్కుంటాను, ఈసారి నవ్వుకు కాదు. మార్తమ్మక్క నోట ఆ జ్వరం సాక్ష్యం మళ్ళీ వినలేదు. నేను బతికి లేచిన కథ అంత గొప్పగా చెప్పేవాళ్ళు నాకిక లేరు.

కాబట్టి మూడు ఊళ్ళ విశ్వాసులకూ, అవిశ్వాసులకూ తెలియజేయడమేమనగా. మాలో ఒట్టు పెట్టకూడదు గనుక ఇది ఒట్టు కాదు, గట్టి తీర్మానం. ఇకమీదట ఓబులమ్మ అను నేను, ఎవరైనా నా ఎదురుగా నిలబడి, వేలు చూపించి, ఫలానా తేదీన ఫలానా తప్పు చేశావని సాక్షులతో రుజువు చేస్తే తప్ప, ఎవరినీ క్షమాపణ అడగను. ఇంతకుముందు అడిగిన వాటికి కూడా క్షమాపణ అడగను. ఇది చదివి ఎవరి మనసైనా నొచ్చుకుంటే, దయచేసి నాకు చెప్పవద్దు. నాకు జ్ఞాపకం ఉండిపోతుంది.